మలుపుల్లో వీల్‌చెయిర్ జరిగిపోతోంటే

డాలస్‌లో బస్సు మలుపు తిరిగినప్పుడల్లా, బ్రేకులు వేసి ఉన్నా అమ్మగారి వీల్‌చెయిర్ పక్కకు జరుగుతోందన్నారు కదండీ. కుర్చీని బస్సు నేలకు కట్టే పట్టీల హుక్కులు చక్రాల ఊచలకు తగిలిస్తున్నారని మీరే రాశారు, తిప్పలన్నీ అక్కడే. ముందు రెండు, వెనక రెండు పట్టీలూ ఫ్రేముకే పడాలి, అదీ వెల్డింగ్ చేసిన గట్టి మూలల దగ్గర. ఊడొచ్చే ఫుట్‌రెస్టుకు అస్సలు వద్దు. ఆ నాలుగు చోట్లా ఎర్ర టేపు చుట్టేయండి, ఏ డ్రైవరూ వెతుక్కోనక్కర్లేదు. బిగించాక కుర్చీని ఒకసారి పట్టి ఊపి చూడండి. మనిషికి బెల్టు వేరే, అది పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీదుగా, ఆర్మ్‌రెస్టుల లోపలి నుంచి రావాలి. అడగడానికి మొహమాటపడకండి. అడిగితే కుర్చీ కట్టడంలో సాయం చేయడం ఏడీఏ (అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం) నిబంధనల ప్రకారం డ్రైవర్ డ్యూటీయే.