స్ప్లైసింగ్ మిషను తాకట్టు కాదు, సాక్ష్యం

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఒక టెలికాం కంపెనీ పనులు చేసే కాంట్రాక్టరు దగ్గర ఆరేళ్లు ఫైబర్ టెక్నీషియన్‌గా ఉన్నాను. ఆయనను అన్నా అని పిలిచేవాడిని. మా పాప బారసాలకు వచ్చి వెండి గిన్నె ఇచ్చి వెళ్లారు. 2024 నవంబర్ 8 రాత్రి పాతపట్నం దగ్గర కేబుల్ తెగింది. నాలుగు గంటల్లో లైను కలపకపోతే బిల్లులో కోత పడుతుందని తొందరపెట్టి పంపారు. కింద కూర్చుని అతుకులన్నీ పూర్తిచేసి, తొమ్మిది గంటల ప్రాంతంలో నిచ్చెన ఎక్కి క్లోజర్‌ను (అతుకులుండే డబ్బాను) స్తంభానికి బిగిస్తుండగా జారి పడ్డాను. రెండు మడమలూ నుజ్జయ్యాయి. ఆసుపత్రికి కాంట్రాక్టరు వచ్చి, 'బైక్ మీద నుంచి పడ్డానని చెప్పు, పోలీసుల గొడవ ఉండదు, ఖర్చంతా నాది' అన్నారు. అలాగే చెప్పాను. 40 వేలు కట్టి, తరువాత ఫోను ఎత్తడం మానేశారు. ఇప్పుడు నువ్వు నా ఉద్యోగివే కావంటున్నారు. స్టాంపు కాగితం మీద సంతకం పెడితే 80 వేలు ఇస్తారట. నాతో వచ్చిన హెల్పర్ ఇప్పటికీ ఆయన దగ్గరే పనిచేస్తున్నాడు. తెగిన ఫైబర్లను అతికే ఆయన స్ప్లైసింగ్ మిషను మాత్రం నా దగ్గర ఉండిపోయింది. డబ్బు ఇస్తేనే ఇస్తానన్నాను. దానితో కేబుల్ టీవీ వారికి అప్పుడప్పుడు అతుకులు వేసి ఇల్లు నెట్టుకొస్తున్నాను. మిషను అమ్మేయమని ఒకరు, బైక్ బీమాకు దరఖాస్తు పెట్టమని మరొకరు చెబుతున్నారు. ఇంత ద్రోహం చేసిన మనిషిపై ఏ కేసు వేయాలి? ఒడిశాలోనా, ఆంధ్రలోనా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడున్నర పేజీలు ఆయన చేసిన ద్రోహం గురించే ఉంది. దాన్ని పక్కన పెడుతున్నాను. వెండి గిన్నె ఇచ్చిన మనిషి తరువాత ఎలా మారాడన్నది ఏ అధికారీ విచారించడు. విచారించేది ఒకటే: ఆ రాత్రి మీరు పనిలో ఉన్నారా, ఆ పని వల్లే పడ్డారా? అది తేలితే మిగిలింది కూడికలు, గుణింతాలే. తేలకపోతే మీ మడమలు ఎంత నుజ్జయినా పరిహారం రాదు. ప్రస్తుతం ఈ విషయంపై ఉన్న ఒకే ఒక్క కాగితం ఆసుపత్రి కేసు షీటు. అందులో మీరు బైక్ మీద నుంచి పడ్డారని మీ మాటగానే రాసి ఉంది. అంటే మీకు వ్యతిరేకంగా మొదటి సాక్షి మీరే. ఎవరో చెప్పమన్నారని డాక్టరుకు అబద్ధం చెప్పడం, ఆరేళ్లలో ఒక్క గుర్తింపు కార్డైనా అడిగి తీసుకోకపోవడం, ఫోను మార్చినప్పుడు పాత వాట్సాప్ సందేశాలను పోగొట్టుకోవడం ఈ మూడూ మీ చేతులారా చేసుకున్నవి. ఇక నాలుగోది చేయకుండా చూడండి.

ఆ నాలుగోది మిషను అమ్మడం. వేరొకరు పనికోసం అప్పగించిన వస్తువును సొంతానికి అమ్ముకుంటే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నేరపూరిత నమ్మకద్రోహం అవుతుంది. ఆయన ద్రోహం చేశాడని నాకు మూడున్నర పేజీలు రాశారు. రేపు ఆ మాటే ఆయన పోలీసు ఫిర్యాదులో మీ మీద ఒక్క వాక్యంలో రాస్తాడు. పైగా ఆయనకు రుజువు కూడా సిద్ధంగా ఉంటుంది. డబ్బు ఇచ్చేదాకా ఇవ్వనని ఫోనులో అన్న మాట కూడా మీకు మేలు చేయదు. దాన్ని వాడి సంపాదించుకుంటున్నానన్న మాట అంతకంటే చేటు. అయితే వెంటనే ఆపమనడానికి ఇంకో కారణం ఉంది. అది మీ వృత్తికి సంబంధించినదే. మీకు తట్టకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

మీరు వేసే ప్రతి అతుకునూ మిషను దాచుకుంటుంది. తేదీ, సమయం, అంచనా నష్టం ఎన్ని డెసిబెల్సో అన్నీ దాని మెమరీలో ఉంటాయి. నవంబర్ 8 రాత్రి వేసిన అతుకులు అందులో ఇంకా ఉంటే, చివరి అతుకు సమయానికీ ఆసుపత్రిలో మిమ్మల్ని చేర్చుకున్న సమయానికీ మధ్య ఎన్ని నిమిషాలున్నాయో కాగితం మీద చూపవచ్చు. ఆ కొద్ది నిమిషాల్లోనే మీరు మిషను సర్దుకుని, బైక్ ఎక్కి, ఎక్కడో పడి, ఆసుపత్రి చేరారని అవతలివారు నమ్మించాల్సి వస్తుంది. కానీ మెమరీ నిండితే కొత్త రికార్డు వచ్చి పాతదాన్ని చెరిపేస్తుంది. కేబుల్ టీవీ వారికి వేసిన ఒక్కో అతుకూ మీ సాక్ష్యాన్ని ఒక్కో మెట్టు కిందికి తోసింది. ఇక మీదట ఆ మిషనుతో ఒక్క అతుకు కూడా వేయకండి.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. ఇద్దరు పెద్దమనుషుల ఎదుట మిషనును ఛార్జరుకు తగిలించి ఆన్ చేయండి. వీడియోలో దాని సీరియల్ నంబరు కనిపించాలి. మిషను గడియారం, మీ ఫోను గడియారం ఒకే చట్రంలో పడాలి. మిషను గడియారం తప్పు చూపిస్తే సరిదిద్దవద్దు. ఎంత తేడా ఉందో రాసుకోండి, చాలు. ఆ రాత్రి రికార్డులను ఒక్కొక్కటిగా తెరిచి చూపించి, వాటి నకలును పెన్‌డ్రైవ్‌లోకి తీయించండి. ఎలక్ట్రానిక్ రికార్డును ఆధారంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం ఉండాలి. దానిలో ఒక భాగం మీరు, రెండో భాగం సాంకేతిక నిపుణుడు నింపాలి. పరిహార కమిషనర్ (పనిలో గాయపడినవారి పరిహార దరఖాస్తులు విచారించే అధికారి) ముందు విచారణ సివిల్ కోర్టంత బిగువుగా ఉండదు. అయినా ఆ కాగితం లేదన్న అభ్యంతరానికి చోటెందుకు ఇవ్వాలి? ఇదంతా అయ్యాక మిషనును తిరిగి ఇస్తానని, విచారణ ముగిసేవరకు అందులోని రికార్డు చెరపరాదని కాంట్రాక్టరుకు రాతపూర్వకంగా తెలపండి. ఆయన తీసుకుంటే రసీదు తీసుకోండి. తీసుకోకపోతే పరిహార దరఖాస్తుతోపాటు కమిషనర్ ముందు పెట్టడానికి అనుమతి కోరండి.

రెండో సాక్ష్యం మీ పాత ఫోను నంబరు. ఫోను మార్చినా, ఆ రాత్రి అది ఏ టవరు కింద ఉందో, తొమ్మిది తరువాత ఎవరెవరికి కాల్స్ వెళ్లాయో ఆపరేటరు దగ్గర ఉంటుంది. 2021 డిసెంబర్‌లో చేసిన లైసెన్సు సవరణ ప్రకారం కాల్ రికార్డులను కనీసం రెండేళ్లు ఉంచాలి. ఆ తరువాత ఉంచుతారన్న భరోసా లేదు. వాటిని మీరు అడిగితే ఇవ్వరు. కమిషనర్ ద్వారా తెప్పించుకోవాలి. అంటే దరఖాస్తు ముందు పడాలి.

గడువూ రెండేళ్లే. ఉద్యోగుల పరిహార చట్టం, 1923లోని 10వ సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు దరఖాస్తు పడాలి. 2025 నవంబర్ 21 నుంచి దీని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చినా, మీ ప్రమాదం అంతకు ఏడాది ముందే జరిగింది కనుక మీ హక్కును పాత చట్టం ప్రకారమే కొలవాలి. 2026 నవంబర్ 7 మీ చివరి రోజు అనుకోండి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనర్‌కు ఉంది. అయితే 'ఇస్తాడేమోనని ఎదురుచూశాను' అన్నది తగిన కారణమవుతుందో కాదో మీ మీద ప్రయోగం చేసి తెలుసుకోవలసిన అవసరం లేదు.

ఆసుపత్రి కాగితం సంగతికి వస్తాను. కేసు షీటులో మీరు చెప్పిన కథ ఒక్క వరుస. మిగతాదంతా డాక్టరు చూసి రాసింది. రెండు మడమల ఎముకలూ ఒకేసారి చితకడం ఎత్తు నుంచి పాదాల మీద పడినవారిలో కనిపించే దెబ్బ. బైక్ జారితే మోచేతులు, మోకాళ్లు గీరుకుంటాయి. మీ ఒంటి మీద అలాంటి గీతలు ఉన్నట్లు కేసు షీటులో ఉందా? ఎక్స్‌రేలతో సహా పూర్తి నకలు తెచ్చి చదవండి. అఫిడవిట్‌లో మాత్రం ఏమీ దాచకండి: ఎవరు చెప్పమన్నారు, ఎందుకు చెప్పారు, అన్నీ రాయండి. ఈ నేపథ్యంలో బైక్ బీమా సలహా ఇచ్చినవారు మీ స్నేహితులు కారు. బైక్ సొంతదారుకు ఉండే వ్యక్తిగత ప్రమాద బీమా 15 లక్షలన్నది మరణానికీ, శాశ్వత సంపూర్ణ వైకల్యానికీ. ఒక అవయవమో, ఒక కంటి చూపో పోతే అందులో భాగం వస్తుంది. మడమ చితికితే వచ్చేది కాదు. రాని డబ్బు కోసం అబద్ధాన్ని రెండోసారి సంతకం పెట్టి చెబితే, నిజమైన కేసును మీరే పూడ్చిపెట్టినట్లవుతుంది.

'నువ్వు ఉద్యోగివి కావు' అన్న మాటకు భయపడకండి. ఈ చట్టం రెండవ షెడ్యూలులో టెలిగ్రాఫు, టెలిఫోను తీగలు, స్తంభాలు నిలబెట్టేవారు, బాగుచేసేవారు వందేళ్ల కిందటే ఉన్నారు. రాగి తీగ పోయి గాజు తీగ వచ్చినంత మాత్రాన మీరు ఆ వరుస నుంచి తప్పిపోరు. ప్రతినెలా ఆయన ఫోను ద్వారా మీ ఖాతాలో వేసిన 14 వేలకు బ్యాంకు స్టేట్‌మెంటు తీయించండి. ఆరేళ్లు నెలనెలా ఒకే మనిషి నుంచి ఒకే మొత్తం వస్తే దాన్ని జీతం అనకపోతే మరేమనాలో ఆయన చెప్పుకోవాలి. పెట్రోలుకు విడిగా ఇచ్చినది మాత్రం జీతంలో కలవదు.

దరఖాస్తులో కాంట్రాక్టరుతోపాటు కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చండి. 12వ సెక్షన్ ప్రకారం తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టుకు ఇచ్చిన అసలు యజమాని కూడా పరిహారానికి బాధ్యుడే. తరువాత దాన్ని కాంట్రాక్టరు నుంచి రాబట్టుకుంటాడు. కానీ ప్రమాదం ఆ యజమాని పనిచేసే చోటో, అతని అజమాయిషీలో ఉన్న చోటో జరిగి ఉండాలి. అందుకే రేపే ఎవరినైనా పంపి ఆ స్తంభాన్ని ఫొటో తీయించండి. స్తంభం నంబరు, దానిమీది కేబుల్, మీరు బిగించబోయిన క్లోజర్ ఇంకా అక్కడే ఉంటే అదీ కనబడాలి. సేఫ్టీ బెల్టు వేసుకోలేదన్నది కాంట్రాక్టరు ఎత్తే మొదటి వాదన. బెల్టు ఇచ్చి, వేసుకోమని స్పష్టంగా చెప్పినా మీరు కావాలని కాదన్నారని రుజువు చేయవలసింది వారే. ఎంతమందికి ఎన్ని బెల్టులు ఉండేవో మీరు రాయలేదు. దరఖాస్తులో రాయండి. హెల్పర్‌ను బతిమాలుకోవద్దు. కడుపు కోసం పనిచేసేవాడిని ఇరకాటంలో పెట్టడం ఎందుకు? సాక్షిగా సమన్లు పంపిస్తే ప్రమాణం చేసి చెబుతాడు.

ఎక్కడ వేయాలన్నది సులభమైన ప్రశ్న. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడి ఒడిశాలోకి, పాతపట్నం ఇటు నేటి ఆంధ్ర వైపు మిగిలేలా గీసిన గీత ఈ చట్టాన్ని ఆపదు. 21వ సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగిన చోటైనా, మీరు నివసించే చోటైనా దరఖాస్తు వేయవచ్చు. మీ నడక పరిస్థితికి గజపతి జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో విచారించి, పరిహార కమిషనర్ ఎక్కడ కూర్చుంటారో తెలుసుకుని ఒడిశాలోనే వేయండి. అవతలి ప్రాంతపు కమిషనర్‌కు నోటీసు పంపడం వారి పని. ముందుగా ఒక్కటి చూసుకోండి: మీకు తెలియకుండా మీ పేరున ఈఎస్‌ఐ నంబరు ఉందేమో. ఉంటే ఈ చట్టం కింద దారి మూసుకుపోతుంది, ప్రయోజనాలన్నీ ఈఎస్‌ఐ నుంచే తీసుకోవాలి.

ఇక 80 వేల సంగతి. పరిహార హక్కును వదులుకునే ఏ ఒప్పందమైనా 17వ సెక్షన్ ప్రకారం చెల్లదు. అయినా సంతకం పెట్టకండి, ఎందుకంటే ఆ కాగితంలో బైక్ కథ మళ్లీ రాస్తారు. లెక్క చూడండి. ప్రమాదం నాటికి మీకు 31 ఏళ్లు నిండాయన్నారు. ఆ వయసుకు షెడ్యూలు గుణకం 205.95. 14 వేలలో 60 శాతం, అంటే 8,400ను దానితో గుణిస్తే 17,29,980. సంపాదన శక్తిలో నష్టం 30 శాతమని తేలితే 5,18,994 రూపాయలు వస్తుంది. 60 శాతమని తేలితే 10,37,988. నెల దాటినా చెల్లించకపోతే ఏటా 12 శాతం వడ్డీ, కారణం లేదనిపిస్తే 50 శాతం వరకు జరిమానా. చికిత్సకు అయిన అసలు ఖర్చు వేరు.

30కీ 60కీ మధ్య తేడా డాక్టరు రాసే ధ్రువపత్రంలో ఉంది. 1968లో కొరాపుట్ జిల్లా జయపురంలో ఒక సినిమా హాలులో పనిచేస్తూ పడిన వడ్రంగికి ఎడమ చేయి మోచేతి నుంచి తీసేశారు. యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఒక్క చేత్తో వడ్రంగం చేయలేడు కనుక నష్టం నూటికి నూరు శాతమేనని కోర్టు తేల్చింది. పరిహారం బాకీ పడేది ప్రమాదం రోజు నుంచేనని కూడా చెప్పింది. మీ ధ్రువపత్రంలోనూ 'మడమ ఇంత శాతం వంగదు' అని మాత్రమే ఉంటే సరిపోదు. నిచ్చెన ఎక్కగలరా, స్తంభం మీద నిలబడగలరా అన్నది రాయించండి. కూర్చుని అతుకులు వేసి సంపాదిస్తున్న సంగతి మాత్రం దాచకండి. అడ్డ విచారణలో, అంటే అవతలి లాయరు ప్రశ్నించేటప్పుడు, బయటపడితే మిగిలిన నిజాన్నీ నమ్మరు.

లాయరు ఫీజుకు వెనకాడుతున్నానన్నారు. పారిశ్రామిక కార్మికులకూ, వైకల్యం ఉన్నవారికీ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి. కాంట్రాక్టరుకు, కంపెనీకి నోటీసులు ఈ వారంలోనే స్పీడ్ పోస్టులో పంపి రసీదులు దాచుకోండి. ఆ రాత్రి ఫాల్టు టికెట్ (కేబుల్ తెగిందని కంపెనీలో నమోదైన ఫిర్యాదు), దాన్ని మూసిన సమయం, మీ పేరున ఉన్న యాప్ లాగిన్ వివరాలు చెరపకుండా ఉంచాలని నోటీసులో విడిగా కోరండి. మిషను వీడియో మాత్రం నోటీసు కంటే ముందే తీయండి.