భూమాత పాత్ర తీసేయ్: ఒక యువ నాటక రచయిత్రికి లేఖ

కడప

అమ్మాయీ,

నీ నాటిక నిదానంగా చదివాను. భూమాత వచ్చి ఏడ్చే మొదటి రంగం తీసేయ్. వాతావరణ మార్పు అనగానే అందరికీ ముందు తట్టేది ఆ పాత్రే. ప్రేక్షకులు జాలిపడి ఇంటికెళ్ళిపోతారు. రెండో రంగంలో మొగుడూ పెళ్ళాలు శెనక్కాయ విత్తనం గురించి గొడవపడతారు చూడు, అసలు నాటిక అక్కడుంది.

సీమకు కరువు కొత్త కాదు. 1876-78 నాటి క్షామం కూడా ఈ నేల చూసింది. అందుకే ఏది పాత కష్టమో, ఏది మారిందో నీ పాత్రలకు తెలియాలి. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. కురిసినప్పుడు కుండపోత కావడానికి అదొక కారణం. ఈ లెక్క డైలాగులో పెట్టొద్దు, కథలో చూపించు. శెనక్కాయ చెట్టుకు ఊడలు, అంటే నేలలోకి దిగి కాయయ్యే కాడలు, దిగే వేళ వాన ఉండదు. చెట్టు పెరికి చేలో ఆరబెట్టాక ముసురు పట్టుకుంటుంది. కాయ మొలకెత్తుతుంది, పశువులకు మేతగా వేయాల్సిన కట్టె, అంటే కాయ కోశాక మిగిలే ఎండు చెట్టు, నల్లబడుతుంది. ఆ కట్టెను ఆవు వాసన చూసి వదిలేసిందని పెళ్ళాం చెబితే చాలు.

ఇంకో మాట, ఇది గట్టిగానే చెబుతున్నా. 2021 నవంబరు 19న చెయ్యేరు నది మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి వైపు ఇళ్ళూ మనుషులూ కొట్టుకుపోయారు. నువ్వు ఆ నేరమంతా వేడెక్కిన భూమి మీదే వేశావు. గేట్ల నిర్వహణ మీద కూడా అప్పట్లో ప్రశ్నలొచ్చాయి. ఆ ప్రశ్న అడిగే పాత్ర లేకపోతే పోయినవాళ్ళకు అన్యాయం చేసినట్టే.

వరద ఎలా చూపించాలని టెన్షన్ పడకు. 1885లో మన జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన సురభి నాటక సమాజం వాళ్ళు వేదిక మీద వానలు కురిపించి పేరు తెచ్చుకున్నారు. నీకంత హంగు అక్కర్లేదు. 2015 నుంచి రెండేళ్ళకోసారి ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సుల సమయంలో ‘క్లైమేట్ చేంజ్ థియేటర్ యాక్షన్’ పేరుతో ఎన్నో దేశాల్లో ఐదేసి నిమిషాల చిన్న నాటికలు వేస్తూ వచ్చారు. తరగతి గదిలోనైనా, చెట్టు కిందైనా వేసుకోవచ్చు. నీ గంట నాటికను ఇరవై నిమిషాలకు దించు.

తిరగరాశాక ముందు మీ నాయనకు చదివి వినిపించు. ‘మనం ఇట్లా మాట్లాడం’ అని ఆయనన్న చోటల్లా గీత పెట్టుకో. సంక్రాంతికి ఊళ్ళో వేస్తామన్నావు కదా, దీపావళి లోపే నాకు పంపించు.

ఆశీస్సులతో,
మీ సార్