కౌన్సిలర్‌కు నిలబడినప్పుడు నేను నేర్చుకున్నది: ముందు నీళ్లు ఎటు పోతాయో చూడాలి

"చిన్న పట్టణం వేగంగా పెరుగుతుంటే వార్డు కౌన్సిలర్‌గా పోటీ చేసేవాళ్లకు దాని మీద ఎలాంటి ఆలోచన ఉండాలి? పోటీ చేసినవాళ్లు ఎవరైనా చెప్పగలరా?" అని అడిగారు.

నేను పోటీ చేశాను. 2020 జనవరి 22న తెలంగాణలో మున్సిపల్ ఎన్నికలు జరిగినప్పుడు మా వార్డులో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డాను. మూడో స్థానంలో వచ్చాను. ఊరి పేరు చెప్పను. 2016 అక్టోబరులో జిల్లా కేంద్రాలైన ఊళ్లలో మాదీ ఒకటి. కలెక్టరేట్ వస్తుందని తెలిసిన నెలలోపే మక్క చేన్లలో హద్దురాళ్లు పాతారు. అంతవరకూ ఎకరాల్లో చెప్పుకున్న ధర గజాల్లో చెప్పడం మొదలైంది.

ప్రచారం మొదలుపెట్టినప్పుడు నా కరపత్రంలోనూ అందరూ రాసుకునేవే ఉన్నాయి. సీసీ రోడ్లు, వీధి దీపాలు, పార్కు, ఓపెన్ జిమ్. మూడో రోజు సాయంత్రం వార్డు చివరి కాలనీకి వెళ్లాను. అక్కడ ఒక అవ్వ నా కరపత్రం తీసుకోలేదు. చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకెళ్లింది. గుమ్మం దగ్గర తల బాగా వంచితే కానీ లోపలికి వెళ్లలేకపోయాను.

ఎందుకంటే ఆ వీధిలో రోడ్డు మూడుసార్లు వేశారు. పాతది తవ్వలేదు, దాని మీదే కొత్తది పోశారు. పోసిన ప్రతిసారీ రోడ్డు అరడుగు దాకా లేచింది, గడప అంత కిందికి పోయింది. వానొస్తే వీధి నీళ్లన్నీ ఇంట్లోకే. కొడుకులు అప్పు చేసి, లోపల మొరం నింపి, దాని మీద గచ్చు వేయించారు. నేల లేచింది గానీ కప్పు లేవదు కదా. సీలింగ్ ఫ్యాను చేతికి తగులుతోందని విప్పేశారు. గోడ మీద మోకాలెత్తున మట్టి గీత ఒకటి ఉంది. అది ఆ గచ్చు వేయించిన తర్వాత వచ్చిన నీళ్లది.

"మూడుసార్లు రోడ్డు ఏసిన్రు బిడ్డా. ఏసినప్పుడల్లా మా ఇల్లు కిందికి వోయింది. నువ్వు గూడ రోడ్డే ఏస్తనంటవా?" అని అడిగింది.

నా కరపత్రంలో మొదటి హామీ అదే. జవాబు చెప్పలేక బయటికి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే మా చెరువుకు ఒకప్పుడు నీరటిగా, అంటే పొలాలకు నీళ్లు వదిలే మనిషిగా చేసిన తాతను వెతుక్కుంటూ వెళ్లాను. చెరువు కింద ఆయకట్టంతా ప్లాట్లయ్యాక ఆయనకు పని లేకుండా పోయింది. విషయం చెబితే, కర్ర తీసుకుని ముందు నడిచాడు. చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి దగ్గర మొదలుపెట్టాం. రెండు ఎడ్లబండ్లు పక్కపక్కన పోయేంత వెడల్పు కాలువ ఇక్కడి నుంచి దిగేదని చూపించాడు. ఫంక్షన్ హాలు వెనక్కి వచ్చేసరికి అది సగమైంది. ఇంకొంచెం ముందుకు వెళితే ఎవరిదో ప్రహరీ గోడ, దాని కింద రెండడుగుల సిమెంటు పైపు. ఆ తర్వాత కాలువే లేదు, ప్లాట్లే. మేం ఇళ్ల మధ్య నుంచి చుట్టూ తిరిగి వస్తే అవ్వ ఇంటి వెనక మళ్లీ కనబడింది, అడుగున్నర మురికి కాలువగా. తాత అక్కడ ఆగాడు. "ఈ కాలువ కింద నలబై ఎకరాలు పారేది సారూ. ఆ నలబై ఎకరాల నీళ్లిప్పుడు ఈమె ఇంట్ల పారుతున్నయి" అన్నాడు.

నేను లెక్కల టీచర్ని. అయినా ఆ లెక్క నాకు అంతవరకు తట్టలేదు. అప్పటికి మిగిలిన కరపత్రాలు పక్కన పడేసి కొత్తవి వేయించాను. చిన్న పట్టణం ఎదుగుదల గురించి నా అభిప్రాయం ఆ రోజు ఏర్పడిందే, ఇప్పటికీ మారలేదు. రోడ్డు, కరెంటు, పార్కు ఆలస్యమైనా తర్వాత తెచ్చుకోవచ్చు. నీళ్ల దారి మీద ఒకసారి ఇళ్లు లేస్తే మళ్లీ తెచ్చుకోలేం. అందుకే లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేముందే వాన నీళ్లు ఎటు పోతాయో కాగితం మీద చూపించాలి. లేఅవుట్ గేటు దాకా కాదు, కింది చెరువు దాకా. మా దగ్గర నాలా అంటే వ్యవసాయ భూమిని ఇళ్ల స్థలంగా మార్చుకోవడమూ, నీళ్లు పోయే కాలువా రెండూ అవుతాయి. మొదటి నాలా కాగితం గురించి ప్లాటు కొనే ప్రతివాడూ అడుగుతాడు. రెండో నాలా ఎక్కడుందని అడిగినవాణ్ని నేను చూడలేదు.

లేఅవుట్‌లో పది శాతం స్థలం ఖాళీగా వదలాలనే నిబంధన ఉంది. ఆ పది శాతం ఎక్కడ ఇస్తారు? ఎవరూ కొనని మూల, హైటెన్షన్ వైరు కింద ముక్క. అన్నింటికన్నా పల్లంగా, కాలువ పక్కన ఉండే స్థలాన్నే అందుకు ఇవ్వాలని పట్టుబట్టాలి. ఎండాకాలం పిల్లలు ఆడుకుంటారు, వానాకాలం రెండు రోజులు నీళ్లు నిలుస్తాయి. అలాగే పాత రోడ్డు తవ్వకుండా కొత్త రోడ్డు వేసే టెండరు కౌన్సిల్‌కు వస్తే ఒప్పుకోకూడదు. ఈ రెండూ చేసిన ఊరు ఏదైనా బాగుపడుతుందని నేను గట్టిగా చెప్పగలను.

ఊరు పెరగకూడదనే వాళ్లతో మాత్రం నేను ఏకీభవించను. పిల్లల చదువు కోసమో, ఆసుపత్రి కోసమో జనం ఊళ్ల నుంచి వస్తారు, రావాలి, వాళ్లకు ఇల్లు కావాలి. 2020 నవంబరులో టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ ఇంటి అనుమతుల విధానం వచ్చాక 75 గజాల లోపు చిన్న ఇంటికి అనుమతి అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు. పేదవాడు ఆఫీసు చుట్టూ తిరిగే టెన్షన్ పోయింది. నాకు చాలా సంతోషం. కానీ ఒక్కో ఇంటి కాగితం అంత తేలికైనప్పుడు వీధి మొత్తం నీళ్ల లెక్క ఇంకెవరో ఒకరు చూడాలి కదా. 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం మున్సిపాలిటీలకు ఇవ్వదగ్గ 18 పనుల్లో మొట్టమొదటిది పట్టణ ప్రణాళికే. ఆ సవరణ అమల్లోకి వచ్చింది 1993లో. నేను మాట్లాడిన కౌన్సిలర్లలో ఎక్కువమంది, ఊళ్లో ఏ స్థలం దేనికో చూపే తమ ఊరి మాస్టర్ ప్లాన్ మ్యాపును విప్పి కూడా చూడలేదు.

చూడకపోతే ఏమవుతుందో 2023 జనవరిలో కామారెడ్డిలో కనిపించింది. పచ్చని పొలాలను ముసాయిదా ప్లాన్‌లో పారిశ్రామిక జోన్‌గా చూపారని రైతులు రోడ్డెక్కారు. ఒక రైతు ఆత్మహత్య చేసుకున్నాడు. చివరికి కౌన్సిలే ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. జగిత్యాలలోనూ ఆ నెలలోనే అలాంటి తీర్మానమే జరిగింది. ఆ మ్యాపు వార్డుల్లో గోడకు అంటించి, పొలాల్లో తిరిగే మనుషులను ముందే అడిగి ఉంటే అంతదాకా వచ్చేది కాదని నా నమ్మకం.

విలీన గ్రామాల మాట కూడా చెప్పాలి. 2018 ఆగస్టులో పక్క ఊళ్లను తెచ్చి మున్సిపాలిటీల్లో కలిపారు. కలిసిన రోజు నుంచి అక్కడి ఆడవాళ్లకు ఉపాధి హామీ పని పోయింది, అది గ్రామాలకే కాబట్టి. పని పోయింది, ఇంటి పన్ను మాత్రం పెరిగింది. నేను ఓట్లడగడానికి వెళితే "పట్నంల కలిపి మాకేం ఇచ్చిన్రు?" అని నిలదీశారు. పూడిక తీయడం ఉపాధి హామీలో వాళ్లకు చేతనైన పనే. మున్సిపాలిటీ కాలువలు బాగుచేసే పని, కూలి ఇచ్చి వాళ్లకే అప్పగించాలని నేను ప్రచారంలో చెప్పాను. ఎందుకు అప్పగించకూడదో ఇప్పటికీ ఎవరూ నాకు చెప్పలేదు. చౌరస్తాలో ఊరి పేరుతో 'ఐ లవ్' అక్షరాలు నిలబెట్టడానికి మాత్రం డబ్బు దొరుకుతుంది. ఆ అక్షరాలు చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

ఓడిపోయాక పని మానలేదు. ఏటా జూన్ మొదట్లో మా ట్యూషన్ పిల్లలను తీసుకుని మత్తడి నుంచి ఆ దారంతా నడుస్తాం. కల్వర్టుల మీద ఎర్ర పెయింటుతో గుర్తులు పెడతాం, ఏ వానకు ఎంతెత్తు వచ్చిందో రాసుకుంటాం. నీరటి తాత రెండేళ్లు మాతో నడిచాడు, తర్వాత ఓపిక లేక మానేశాడు.

నిరుడు అవ్వ ఇంటి వెనక కాలువ కొత్తగా కడుతుంటే వాలు తప్పు వైపు ఉందని అనుమానం వచ్చింది. లెవల్ పైపులో నీళ్లు నింపి మేస్త్రీకి చూపించాను. మంచివాడు, వేసింది పగలగొట్టి మళ్లీ కట్టాడు. నలభై మీటర్లు. ఆ వానాకాలం అవ్వ ఇంట్లోకి నీళ్లు రాలేదు. పక్క సందులోకి వచ్చాయి. ఇప్పుడు ఆ సందు కొలుస్తున్నాం.