ఇచ్చేసిన లక్షన్నర మాట ఏమిటి?

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. మా పెద్దబ్బాయి డిగ్రీ పూర్తి చేసి మూడేళ్లయింది. ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం వేయిస్తానని ఒక మధ్యవర్తి నాలుగు లక్షలు అడిగాడు. లోపల అధికారికి ఇవ్వాలట. లక్షన్నర ఇచ్చాం. అందులో లక్ష గేదెలు కొంటానని చెప్పి డ్వాక్రా సంఘంలో తీసుకున్నాను. మిగతాది నా గొలుసు తాకట్టు పెట్టి తెచ్చాను. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దానపు కార్డు మీద ‘నీ పూర్ణహృదయముతో యెహోవాయందు నమ్మకముంచుము’ అని ఉంది. దేవుడు ఉద్యోగం గురించే మాట్లాడాడని సంతోషించి, మొదటి జీతం మందిరానికి ఇస్తానని మొక్కుకున్నాను. కానీ ఈస్టరుకు ముందు జరిగే ఈ శ్రమల దినాల ప్రార్థనలు మొదలైనప్పటి నుంచి నాకు నెమ్మది లేదు. మిగతా డబ్బు నెలాఖరుకు ఇవ్వాలి. మానేద్దామంటే మా ఆయన ‘ఇచ్చేసిన లక్షన్నర మాట ఏమిటి?’ అని కోప్పడుతున్నారు. నేను భర్త మాట వినాలా, మానుకోవాలా?
– ఒక సహోదరి

జవాబు: అమ్మా, మీ వారు అడిగిన మాటే పూర్వం ఒక రాజు కూడా అడిగాడు. బైబిల్లో రెండవ దినవృత్తాంతముల గ్రంథం 25వ అధ్యాయం తీసి, మీరిద్దరూ కలిసి చదవండి.

యూదా రాజైన అమజ్యా ఎదోమీయుల మీదికి యుద్ధానికి బయలుదేరాడు. తనకు 3 లక్షల మంది సైనికులున్నా చాలరనుకుని, ఇశ్రాయేలు నుంచి మరో లక్ష మందిని జీతానికి కుదుర్చుకున్నాడు. అందుకు ఇచ్చిన వెండి వంద తలాంతులు, అంటే మన తూకంలో మూడు వేల కిలోలకు పైమాటే. అప్పుడు ఒక దైవజనుడు వచ్చి, వాళ్లను తీసుకుపోవద్దు, యెహోవా వారికి తోడుగా లేడు అన్నాడు. వెంటనే రాజు నోటి నుంచి వచ్చిన ప్రశ్న, మరి నేనిచ్చిన వెండి సంగతి ఏమిటి అని.

ఆ ప్రశ్న అడిగినందుకు దైవజనుడు అతన్ని గద్దించలేదు. మీ భర్తను కూడా మీరు గద్దించకండి. కూలికి వెళ్లి సంపాదించినవారికి లక్షన్నర అంటే ఏమిటో ఆయనకు తెలుసు. నష్టాన్ని లెక్క చూసుకోవడం అవిశ్వాసం కాదు.

దైవజనుడి జవాబు చూడండి: యెహోవా దీనికంటె ఎక్కువ నీకు ఇయ్యగలడు. ‘ఇయ్యగలడు’ అన్నాడు గాని, నీ వెండి నీకు తిరిగి వస్తుందని అనలేదు. మన ప్రసంగాల్లో ఈ ‘గలడు’ ఎంత తేలికగా ‘తప్పక ఇస్తాడు’గా మారిపోతోందో తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది. అమజ్యా ఆ సైన్యాన్ని పంపేశాడు. యుద్ధం గెలిచాడు. కానీ తిరిగి పంపిన సైనికులు కోపంతో యూదా పట్టణాల మీద పడి 3 వేల మందిని చంపి, విస్తారంగా దోచుకుపోయారు. దేవుని మాట విన్న తర్వాత వచ్చిన నష్టం అది. బైబిలు దాన్ని దాచలేదు. నేనూ మీ దగ్గర దాచను. మీ లక్షన్నర పోవచ్చు.

నాకు తెలిసే చెబుతున్నాను. 1996లో మా ఆయన ఒక చిన్న సంఘానికి పాస్టరు, నేను బడిలో టీచర్ని. ఊరి చివర నాలుగు సెంట్ల స్థలం బేరం కుదుర్చుకుని పదిహేను వేలు బయానా ఇచ్చాం. నేను చిట్టీ పాడి తెచ్చిన డబ్బు అది. వారం తిరగకముందే తెలిసింది, అందులో సగం అమ్మే మనిషి వదినగారికి చెందాలని. ఆమె భర్త చనిపోయాడు, చదువు రాదు. కాగితాలు మాత్రం మరిది పేరునే ఉన్నాయి. ‘మోసం చేస్తున్నది అతను, మనం కాదు కదా’ అని నేను మా ఆయనతో మూడు రోజులు వాదించాను. వాక్యం తెలిసిన దాన్ని, ఆదివారపు బడిలో పిల్లలకు పాఠం చెప్పేదాన్ని నేనే అలా వాదించాను. చివరికి మా ఆయన వెళ్లి ఆమెకు సంగతి చెప్పి వచ్చారు. బయానా తిరిగి రాలేదు. ఆ తర్వాత పదకొండేళ్లు అద్దె ఇంట్లోనే ఉన్నాం. వాన పడితే వంటింట్లో గిన్నెలు పెట్టుకునేవాళ్లం. ఆమె మా సంఘానికే వచ్చేది. ప్రభువు బల్ల దగ్గర నా పక్కనే మోకరించేది.

ఇక మీ కార్డు సంగతి. కార్డు చిన్నది కాబట్టి సామెతలు 3:5లో ఒక ముక్కే పట్టింది. అదే వచనంలో ‘నీ స్వబుద్ధిని ఆధారము చేసికొనక’ అని కూడా ఉంది. తర్వాతి వచనం ‘నీ ప్రవర్తన అంతటియందు ఆయన అధికారమునకు ఒప్పుకొనుము’ అంటుంది. అంతటియందు అన్నప్పుడు మధ్యవర్తికి ఇచ్చిన కవరూ, సంఘంలో చెప్పిన గేదెల మాటా అందులోకే వస్తాయి. లంచం తీసుకోవద్దని మాత్రమే మోషే ధర్మశాస్త్రంలో ఉంది, ఇవ్వవద్దని లేదు కదా అనేవారు మనలోనూ ఉన్నారు. కానీ ఆ ఉద్యోగానికి ఇంకొక తల్లి కొడుకు కూడా దరఖాస్తు పెట్టి ఉంటాడు. ఆ తల్లి దగ్గర తాకట్టుకు గొలుసు కూడా లేకపోవచ్చు. పైగా 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం ప్రకారం లంచం ఇవ్వడమూ నేరమే.

మొదటి జీతం మొక్కు గురించి మీరు అడగలేదు. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మాత్రం అదే. అమాలేకీయుల మందలో ఒక్కటీ మిగల్చవద్దని దేవుడు చెబితే, రాజైన సౌలు మంచి మంచి గొర్రెలనూ ఎడ్లనూ ఉంచుకుని, ఇవి యెహోవాకు బలి అర్పించడానికే అన్నాడు. అప్పుడు సమూయేలు ప్రవక్త అన్న మాట మీకు కంఠతా వచ్చే ఉంటుంది: బలులు అర్పించుటకంటె ఆజ్ఞను గైకొనుట శ్రేష్ఠము. ఆ మొక్కును దేవుని ముందు ఒప్పుకుని విడిచిపెట్టండి. మందిరానికి ఆ డబ్బు అవసరం లేదు.

భర్త మాట గురించి అడిగారు. తొలి సంఘంలో అననీయ, సప్పీరా అనే భార్యాభర్తలు పొలం అమ్మిన డబ్బులో కొంత ఇద్దరూ కలిసే ఏకమై దాచారు. అయినా అపొస్తలుడైన పేతురు సప్పీరాను విడిగా అడిగాడు. ఆమె జవాబు ఆమె చెప్పుకోవడానికి అవకాశం ఇచ్చాడు. మిమ్మల్ని భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. మీరు చెప్పవలసిన జవాబు మీ భర్త చెప్పలేరు, అంతే. ఇంట్లో గొడవపడకుండా, గౌరవంగా, ‘నా చేతులతో ఇక ఒక్క రూపాయి కూడా ఇవ్వలేను’ అని ఒక్కసారి చెప్పండి. అబ్బాయిని కూడా కూర్చోబెట్టుకుని చెప్పండి. ఇన్నాళ్లూ అతని జీవితం గురించి అతన్ని అడగకుండానే బేరమాడారేమో చూసుకోండి.

సంఘ పెద్దల్లో నోరు జారని ఒకరిని వెంట తీసుకుని వెళ్లి, మధ్యవర్తిని డబ్బు తిరిగి అడగండి. బెదిరించవద్దు, బతిమాలవద్దు. ఇచ్చినా ఇవ్వకపోయినా డ్వాక్రా వాయిదాలు మాత్రం ఆపకండి. ‘దేవుడే చూసుకుంటాడు’ అంటూ తోటి ఆడవాళ్ల మీద భారం వేయడం నమ్మకం కాదు. గేదెలు కొనలేదని మీ సంఘం లీడరుకు మీరే చెప్పండి. అన్నిటికంటె కష్టమైన అడుగు బహుశా అదే కావచ్చు.

ఒక్కటి మరచిపోవద్దు. వంద తలాంతులు వదులుకున్న ఆ అమజ్యాయే, యుద్ధం గెలిచి వస్తూ ఎదోమీయుల దేవతలను తెచ్చి వాటికి మొక్కాడు. పూర్ణహృదయముతో అనుసరింపలేదని అతని గురించి ముందే రాసి ఉంది. పెద్ద నష్టం భరించిన రోజున కాదు, అంతా బాగున్న రోజున అతను జారిపోయాడు. రేపు మీ అబ్బాయికి నీతిగా ఒక ఉద్యోగం దొరికినా ఇప్పటి ఈ ప్రార్థన మానకండి.

నెలాఖరు దాటాక నాకు మళ్లీ ఉత్తరం రాయండి. డబ్బు తిరిగి రాకపోయినా రాయండి.