అమ్మడూ, నీ పాట గురించి

అమ్మడూ,

నువ్వు పంపిన డెమో మూడుసార్లు విన్నాను. ట్యూన్ బాగుంది, బీట్ ఇంకా బాగుంది. మాటల దగ్గరే నాకు తృప్తి కలగలేదు. మహిళా మేలుకో, సంకెళ్ళు తెంచుకో అని రాశావు. అవి ఎవరైనా రాయగలిగిన మాటలు, నీవి కావు. రెండో చరణం చివర ఒక లైను ఉంది చూడు, "అంత గట్టిగా నవ్వకు" అని, అక్కడ ఉలిక్కిపడ్డాను. ఆ మాట మీ నానమ్మది. నన్నూ ఆ మాటతోనే పెంచింది. మిగతావి తీసేసి దాన్నే పల్లవి చెయ్యి.

టేలర్ స్విఫ్ట్ 'ద మ్యాన్' మళ్ళీ ఒకసారి విను. 2020లో సింగిల్‌గా వచ్చింది. ఇవే పనులు నేను మగవాడినై చేసుంటే నన్ను ఏమనేవాళ్ళు అన్న ఒక్క ప్రశ్నను పట్టుకుని పాటంతా నడిపించింది. వీడియోలో మేకప్‌తో తనే మగవాడిగా మారి నటించింది, డైరెక్షనూ తనదే. అన్ని బాధలూ ఒకే పాటలో చెప్పాలని చూడలేదు, అందుకే మనసులో నిలబడింది.

నాకు ఆ ప్రశ్న బాగా తెలుసు. కోరస్ పాడే రోజుల్లో ఒకసారి డ్యూయెట్‌కి ట్రాక్, అంటే నమూనా పాట, పాడమన్నారు. శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు. అయినా ఎనిమిది టేకులు పాడించారు. "గొంతులో కొంచెం సిగ్గు కావాలమ్మా" అన్నారు. నా పక్కనే నిలబడి పాడిన అబ్బాయికి రెండో టేకే ఓకే అయింది. అతన్ని సిగ్గు పడమని ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. అలాంటిది నీకూ జరిగే ఉంటుంది. జరిగింది జరిగినట్టు రాయి, కోపం వినేవాళ్ళకే వస్తుంది.

ఇక పాడే పద్ధతి. నీ పాట 120 బీపీఎం, అంటే నిమిషానికి 120 బీట్లు, బీటుకు అర సెకను. ఈ వేగంలో తెలుగు మాట ఇట్టే చెడిపోతుంది. 'నవ్వకు' అన్నచోట నువ్వు 'న' మీద స్వరం సాగదీశావు, అది 'నావకు' అని వినబడుతోంది. 'న'ను సరిగ్గా కిక్ మీద, అంటే ఆ పెద్ద డ్రమ్ము దెబ్బ మీద పెట్టి, ఒత్తు దగ్గర చటుక్కున ఆపు. సాగదీయాలనుకుంటే చివరి 'కు' దగ్గర సాగదియ్యి. పెద్దవాళ్ళు నిజంగా అనేదీ అలాగే కదా, "నవ్వకూ" అని. కంప్యూటర్‌లో ట్యూన్ ముందు కట్టేసి మాటలు తర్వాత ఇరికిస్తే ఈ తిప్పలు తప్పవు. ముందు మాట పైకి పలుకు, వేలితో బల్ల మీద కొట్టుకో, ఆ తర్వాతే సింత్, అదే ఆ ఎలక్ట్రానిక్ వాయిద్యం, ముట్టుకో.

సైడ్‌చెయిన్ గురించి అడిగావు. అది పెడితే కిక్ పడినప్పుడల్లా సింత్ శబ్దం తగ్గి, మళ్ళీ లేస్తుంది. నాకైతే అది పెద్దవాళ్ళు గదిలోకి రాగానే గొంతు తగ్గించే ఆడపిల్లలా వినిపిస్తుంది. నీ పాటకు అంతకంటే ఏం కావాలి? చరణాల్లో బాగా తగ్గనివ్వు. ఆఖరి పల్లవికి వచ్చేసరికి తీసెయ్యి. కిక్ కొడుతూనే ఉండాలి, సింత్ మాత్రం తగ్గకూడదు. అక్కడ శ్రుతిని సరిచేసే ఆటోట్యూన్ కూడా వద్దు, నీ గొంతు నీ గొంతులాగే ఉండనీ. అరవనక్కర్లేదు. మడోనా 2001లో ఆడపిల్ల బతుకు మీద 'వాట్ ఇట్ ఫీల్స్ లైక్ ఫర్ ఎ గర్ల్' సింగిల్ తెచ్చింది. ఆల్బమ్‌లో అది ఎంత మెత్తగా ఉంటుందో విను. అయినా మాట సూటిగా తగులుతుంది.

నీతో బీట్ చేసిన కుర్రాడితో ఎవరి వాటా ఎంతో ఇప్పుడే కాగితం మీద రాసుకోండి. ఏ కంపెనీ అయినా రాయల్టీ మొత్తం వదులుకున్నట్టు సంతకం పెట్టమంటే పెట్టకు. పాట రాసినవాళ్ళూ బాణీ కట్టినవాళ్ళూ తమ రాయల్టీ హక్కును అలా వదులుకోవడానికి వీల్లేదని 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు.

ఇంకొక్కటి. మడోనా పాట ఒక అమ్మాయి మాటలతో మొదలవుతుంది. అవి షార్లెట్ గెయిన్స్‌బర్గ్ ఒక సినిమాలో పలికిన మాటలు. నీ పాట నానమ్మ గొంతుతో మొదలైతే ఎలా ఉంటుందో ఆలోచించు. దొంగతనంగా మాత్రం రికార్డ్ చెయ్యకు. ఎందుకో చెప్పి, అడిగి చెయ్యి. ఆవిడను చెడ్డదాన్ని చెయ్యడానికి కాదని చెప్పు. ఆవిడకూ ఎవరో ఒకరు చిన్నప్పుడు ఆ మాట చెప్పే ఉంటారు, అది కూడా అడుగు. మధ్యాహ్నం నిద్ర లేచి కాఫీ తాగాక అయితే ఓపిగ్గా మాట్లాడుతుంది. ఏమందో రాత్రికి ఫోన్ చేసి చెప్పు.

మీ అత్త