రెండు మెడికెయిడ్ ప్రోగ్రాములు ఒకటైతే ఇంటికొచ్చే అటెండెంట్ ఆగిపోతుందా? మా అమ్మ విషయంలో జరిగింది ఇది

మీ రాష్ట్రంలో రెండు మెడికెయిడ్ (అమెరికాలో ఆదాయం తక్కువున్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ప్రోగ్రాములను కలిపి ఒక్కటి చేస్తున్నారని మీ అత్తగారి పేరున ఉత్తరం వచ్చిందనీ, అటెండెంట్ ఆగిపోతుందేమో, డాక్టర్ మారిపోతారేమో అని రెండు రోజులుగా టెన్షన్‌గా ఉందనీ రాశారు. వర్జీనియాలో మేం 2023లో ఇదే చూశాం. కలిపిన రోజున మా అమ్మకు ఏదీ ఆగలేదు. మేం అవస్థ పడింది అంతకు రెండేళ్ల ముందు, అవి విడివిడిగా ఉన్నప్పుడు.

అప్పట్లో ఇక్కడ పిల్లలు, గర్భిణులు, ఆదాయం తక్కువున్న పెద్దవాళ్లు మెడాలియన్ 4.0 అనే ప్రోగ్రాంలో ఉండేవాళ్లు. 65 దాటినవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు, రోజువారీ పనులకు ఇంకొకరి సాయం కావాల్సినవాళ్లు సీసీసీ ప్లస్‌లో ఉండేవాళ్లు. అమ్మ మా దగ్గరే ఉంటుంది. సిటిజన్‌షిప్ ఉంది, సొంత ఆదాయం ఏమీ లేదు. అలా మెడాలియన్‌లో చేరింది.

2021లో ఆమెకు పక్షవాతం వచ్చింది. అప్పటికి 61 ఏళ్లు. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి, మాట పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక వారానికి మూడు రోజులు స్పీచ్ థెరపీకి తీసుకెళ్లేదాన్ని. ఆరో వారంలో ఒక పొద్దున వంటింట్లో ఉంటే వెనక నుంచి "నీళ్లు" అని వినిపించింది. గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

స్నానం చేయించడానికి, మంచం మీంచి లేపడానికి మనిషి కావాలని అంతకుముందే అప్లై చేశాం. కౌంటీ (ఇక్కడి జిల్లా లాంటిది) నుంచి నర్సు, సోషల్ వర్కర్ ఇంటికొచ్చి అన్నీ అడిగి రాసుకెళ్లారు. అటెండెంట్ మంజూరైంది. కానీ అటెండెంట్ వచ్చిందంటే అమ్మ మెడాలియన్ నుంచి సీసీసీ ప్లస్‌కి మారిపోయినట్టేనని మాకు తెలియదు. కొత్త ప్రోగ్రాంలో ఆమెను వేరే బీమా కంపెనీకి కేటాయించారు. స్పీచ్ థెరపిస్ట్ ఆ కంపెనీ నెట్‌వర్క్‌లో, అంటే ఆ కంపెనీ బీమా తీసుకునేవాళ్ల జాబితాలో, లేదు. పాత కంపెనీ ఇచ్చిన అనుమతి చెల్లదన్నారు. కంపెనీ మారినా జరుగుతున్న చికిత్సను కొన్నాళ్ల పాటు కొనసాగించాలన్న నిబంధన ఉందని ఫోన్‌లో ఒక్కరూ చెప్పలేదు. ఐదు వారాలు థెరపీ లేదు. ఆ ఐదు వారాల్లో అమ్మ మళ్లీ గ్లాసు వైపు వేలు చూపించడం మొదలుపెట్టింది.

ఇది ఎందుకు జరిగిందో చెబితే కలపడం ఎందుకు మంచిదో మీకే తెలుస్తుంది. మన ఆరోగ్యశ్రీలో ట్రస్టు ఆసుపత్రికి నేరుగా బిల్లు కడుతుంది. ఇక్కడి మేనేజ్డ్ కేర్‌లో రాష్ట్రం మనిషికి నెలకు ఇంత అని బీమా కంపెనీకి కడుతుంది. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, ఏ చికిత్సకు అనుమతి ఇవ్వాలి అన్నది ఆ కంపెనీ చూసుకుంటుంది. వర్జీనియాలో రెండు ప్రోగ్రాములూ నడిపినవి అవే ఆరు కంపెనీలు. అయినా కాంట్రాక్టులు రెండు. రోగం ముదిరి, ఇంట్లో అందరూ తలమునకలై ఉన్న సమయంలోనే మనిషిని ఒక ప్రోగ్రాం నుంచి ఇంకోదానికి మార్చేవాళ్లు. 2023 అక్టోబర్ 1న రెండింటినీ కలిపి కార్డినల్ కేర్ అన్నారు. (కార్డినల్ వర్జీనియా రాష్ట్ర పక్షి, చలికాలంలో మా పెరట్లోకి కూడా వస్తుంది, ఎర్రగా.) ఆ రోజు అమ్మకు కంపెనీ మారలేదు, అటెండెంట్ మారలేదు, కేర్ కోఆర్డినేటర్ (అమ్మకు కావాల్సిన సేవలు చూసుకునే కంపెనీ మనిషి) ఫోన్ నంబర్ కూడా మారలేదు. ఇప్పుడు ఎవరికైనా అటెండెంట్ అవసరం పడినా, 65 నిండినా ప్రోగ్రాం మారాల్సిన పని లేదు.

కాబట్టి ప్రోగ్రాం పేరు గురించి దిగులు పడకండి. ఉత్తరంలో ముందు కంపెనీ పేరు చూడండి. అది మారకపోతే చాలావరకు ఏమీ మారదు. మారితే మాత్రం వెంటనే డాక్టర్ ఆఫీసుకు, అటెండెంట్‌ను పంపే ఏజెన్సీకి ఫోన్ చేసి కొత్త కంపెనీ బీమా తీసుకుంటారో లేదో అడగండి. తీసుకోమంటే, కొత్త కంపెనీలో చేర్చిన మొదటి 90 రోజుల్లో కారణం చెప్పకుండానే వేరే కంపెనీకి మారొచ్చు. ఇది ఫెడరల్ రూల్, అన్ని రాష్ట్రాలకూ వర్తిస్తుంది. అటెండెంట్ గంటలు తగ్గిస్తున్నామని ఎప్పుడైనా నోటీసు వస్తే దాన్ని పక్కన పెట్టకండి. అప్పీలుకు 60 రోజులు ఇస్తారు. కానీ అప్పీలు తేలేవరకు పాత గంటలే కొనసాగాలంటే నోటీసు పంపిన పది రోజుల్లోపే అడగడం మంచిది. అప్పీలు ఓడిపోతే ఆ ఖర్చు తిరిగి కట్టమనే అవకాశం ఉంది, అదీ తెలుసుకుని అడగండి.

నేను చేసిన ఒక పొరపాటు మీరు చేయొద్దు. కొవిడ్ కాలంలో మెడికెయిడ్ ఎవరికీ ఆపకూడదన్న రూల్ 2023 మార్చి 31తో ముగిసింది. ఆ ఏడాదంతా రెన్యూవల్ కవర్లు, కార్డినల్ కేర్ కవర్లు కలిసి వచ్చాయి. ఒకటి "ఇదీ ఆ పేరు మార్పు గురించేలే" అనుకుని ఫ్రిజ్ మీద పెట్టేశాను. అది అమ్మ రెన్యూవల్ ఫారం. గడువు ఇంకా రెండు రోజులుందనగా మా ఆయన తెరిచి చూశారు. ఆ రాత్రే బ్యాంకు కాగితాలన్నీ వెతికి పొద్దున్నే కౌంటీ ఆఫీసులో ఇచ్చి వచ్చాం. ప్రోగ్రాములు కలిపినందువల్ల కాదు, ఇలాంటి కవరు తెరవకపోవడం వల్ల కవరేజీ పోతుంది. మీ అత్తగారి అడ్రస్, ఫోన్ నంబర్ రాష్ట్రం రికార్డుల్లో సరిగ్గా ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి.

ఇంకో గందరగోళం. ఇక్కడ సీసీసీ ప్లస్ ప్రోగ్రాం పోయింది గానీ, అటెండెంట్ వచ్చే పథకానికి ఇప్పటికీ సీసీసీ ప్లస్ వెయివర్ అనే పేరు. ప్రోగ్రాం వేరు, వెయివర్ వేరు. మీ దగ్గరా పాత పేర్లు కొన్ని మిగిలిపోవచ్చు, అది చూసి కంగారు పడకండి.

కలపడం వల్ల అన్నీ బాగుపడ్డాయని చెప్పను. అటెండెంట్లు దొరకడం ఇప్పటికీ కష్టమే. మా అమ్మకు తెలుగు వచ్చిన మనిషి దొరకడానికి చాలా నెలలు పట్టింది.

చివరిగా, కార్డు వెనక నంబర్‌కు ఫోన్ చేసినప్పుడు తెలుగు దుబాసీ కావాలని అడగండి. డబ్బు కట్టక్కర్లేదు, అది మీ అత్తగారి హక్కు. చాన్నాళ్లు అమ్మ బదులు నేనే మాట్లాడాను. మొదటిసారి దుబాసీని పెట్టినప్పుడు కోఆర్డినేటర్ "మీకు అన్నిటికంటే ఏది కష్టంగా ఉంది?" అని అడిగింది. స్నానం అంటుందేమో అనుకున్నాను. అమ్మ ఒక్కో మాటా కూడదీసుకుంటూ, "రాత్రిళ్లు లేవాలంటే పిల్లని లేపాలి" అంది. మంచం పక్కన పెట్టుకునే కమోడ్ కుర్చీ ఆ నెలలోనే వచ్చింది.