ట్రేడ్ చర్చల ప్రాక్టీస్‌కి ఏఐ బాట్ కడుతున్నారా? ముందు దానికి "కుదరదు" అనడం నేర్పండి

మీరడిగింది ఏంటంటే, ఫారిన్ ట్రేడ్ చదివే పిల్లలకి వాణిజ్య చర్చలు ప్రాక్టీస్ చేయించే ఏఐ టూల్ ఎలా మొదలుపెట్టాలి అని. నేను హైదరాబాద్‌లో శని ఆదివారాలు ఇదే బ్యాచ్ నడుపుతున్నా, అందుకే నాకు తగిలిన దెబ్బ చెప్తా.

మొదటి వెర్షన్‌లో బాట్‌ని యూరోపియన్ యూనియన్ తరఫున కూర్చోబెట్టా, సరుకు ఎండుమిర్చి. ఖమ్మం నుంచొచ్చిన ఒకమ్మాయి, వాళ్లింట్లో మిర్చే పంట, అఫ్లటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) లిమిట్ వల్ల మా సరుకు వెనక్కొస్తోంది కాస్త సడలించండి అని గట్టిగా వాదించింది. నాలుగో మెసేజ్‌కే బాట్ "మీ రైతుల ఇబ్బంది అర్థమైంది, లిమిట్ 20 చేస్తాం" అనేసింది. క్లాసంతా చప్పట్లు, నాకేమో కడుపులో దేవినట్టయింది. అసలక్కడ లిమిట్ అందులో ఒక రకమైన అఫ్లటాక్సిన్ బీ1కి కిలోకి 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10, అది సుంకంలాగా బేరమాడి తేల్చుకునేది కాదు కదా. డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ)లో ఆహార భద్రత, మొక్కల, జంతువుల ఆరోగ్య నియమాల మీదున్న ఎస్‌పీఎస్ ఒప్పందం కింద వాదన సైన్స్ మీద నడవాలి, రిస్క్ అసెస్‌మెంట్ (ఆ లిమిట్‌కి ఆధారమైన ప్రమాద అంచనా) చూపించండి అని జెనీవాలో ఆ ఒప్పందం కమిటీలో అడగాలి, ఇటు మన కల్లాల్లో కాయ తేమ లేకుండా ఎండేలా చూసుకోవాలి. బాట్ మంచితనం వల్ల పిల్లలు తప్పు పాఠం నేర్చుకుని వెళ్లిపోయేవాళ్లు.

అందుకే ఇప్పుడు ప్రతి దేశానికీ పిల్లలకి కనపడని ఒక షీటు రాసి బాట్‌కి ఇస్తా: ఏది వదలొచ్చు, ఏది చచ్చినా వదలకూడదు, ఒకటిస్తే బదులుగా ఏం అడగాలి, ఏ విషయం ఈ టేబుల్ మీద తేలదు. ఇంకోటి, అంకెలు దాని నోటికి వదలకండి. బౌండ్ రేటు అంటే డబ్ల్యూటీఓలో ఇంతకు మించి వెయ్యం అని మాటిచ్చిన సుంకం, అప్లైడ్ రేటు అంటే ఇప్పుడు నిజంగా వసూలు చేసేది, మా బాట్ ఈ రెండూ కలిపేసి మాట్లాడేది. ఇప్పుడు హెచ్‌ఎస్ కోడ్ (సరుకుకి అంతర్జాతీయంగా ఇచ్చే నంబరు) వారీగా టేబుల్‌లో చూసే చెప్తుంది, అందులో లేకపోతే "మా రాజధానిని అడిగి చెప్తాం" అంటుంది, నిజం చర్చల్లోనూ ప్రతినిధులు అనే మాటే అది.

సెషన్ అయ్యాక చాట్ ప్రింట్ తీసి, ఊరికే ఎక్కడ వదిలేశారో పెన్సిల్‌తో గీయమంటా. అసలు నేర్చుకునేది అక్కడేనండి, ఆ గంట మాత్రం తగ్గించకండి.

ఆ అమ్మాయి రెండోసారి కూర్చున్నప్పుడు మొదటి మాటే "మీ రిస్క్ అసెస్‌మెంట్ కాపీ ఇవ్వగలరా?"